దుకాణం కొంటే ఓనర్ అయితమా? లైసెన్స్ మీద పేరెవరిదో ముందు చూడుండ్రి

పోస్టు పొడుగున్నది. డ్యూటీ దిగి, తిని, పండుకునే ముందు చదవండి. మధ్యలో ఆపొద్దు, లెక్కలన్నీ మధ్యలనే ఉన్నయి.

పోయిన శుక్రవారం మా మండలం తమ్ముడొకడు ఫోన్ చేసిండు. జెబెల్ అలీలో కంపెనీ వీసా మీద ఉన్నడు, వచ్చి ఆరేండ్లయింది. "అన్నా, షార్జాల ఒక కఫ్టేరియా అమ్మకానికున్నది. 90 వేల దిర్హాంలు చెప్తున్నరు. ముగ్గురం కలిసి తీసుకుంటున్నం. ఎన్ని రోజులు ఇంకొకని కింద జీతం చేస్తం?" అన్నడు. వచ్చే శుక్రవారం 10 వేలు అడ్వాన్స్ ఇస్తడట. లైసెన్స్ చూసినవా అంటే ఫోటో ఉన్నదన్నడు. గల్లా ఎంత అంటే వాళ్ళు చెప్పిన లెక్క చెప్పిండు. గంటసేపు మాట్లాడినం. ఆఖరికి వాడు అన్న మాట ఇది: "మీరు మునిగిన్రు కాబట్టి అందరూ మునుగుతరని చెప్తున్నరు అన్నా. మీకు ధైర్యం లేదు."

ఆ మాటకు జవాబే ఈ పోస్టు. మేం నలుగురం. సోనాపూర్ క్యాంపుల ఒకే రూమ్‌లో ఉన్నోళ్ళం, ఇద్దరం జగిత్యాల వైపు, ఇద్దరం నిజామాబాద్ వైపు. 2019ల షార్జాలో రోల్లా దగ్గర ఒక గల్లీలో బకాలా కొన్నం. రెండేండ్లు కూడా నిండకముందే పోగొట్టుకున్నం. ధైర్యం లేక కాదు, ధైర్యం ఎక్కువై కొన్నం. మా దగ్గర లేనిది కాగితం.

ముందు ఒక మాట. ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, ఒకాయన అద్దె కారు పక్కన నిలబడి "ఉద్యోగం అంటే బానిసత్వం, చిన్న బిజినెస్ కొను, నువ్వు నిద్రపోతున్నా పైసలు వస్తయి" అని చెప్తుంటడు. అన్నా, నువ్వు బకాలా నడిపినవా ఎప్పుడన్నా? బకాలా నడిపేటోడు నిద్ర ఎక్కడ పోతడు? పొద్దున ఆరున్నరకు పాలు, ఖుబ్బూస్ దించుకోవాలె. రాత్రి పన్నెండున్నరకు మూడో అంతస్తు నుంచి ఒకడు ఫోన్ చేసి రెండు గుడ్లు, ఒక సిగరెట్ పెట్టె పంపమంటడు. పంపకపోతే రేపటి నుంచి పక్క దుకాణానికి పోతడు. నిద్రలో పైసలు వచ్చేది ఆ వీడియో పెట్టినోనికి, ఎందుకంటే మనం నిద్ర మానుకొని అవి చూస్తున్నం.

వీళ్ళకంటే ఎక్కువ కోపం మాకు మధ్యలో ఉండేటోళ్ళ మీద. మనోళ్ళే, మన భాషే, మన పండుగలకు ముందు వరుసలో కూర్చునేటోళ్ళే. "మన పిల్లలు ఎదగాలె" అంటరు. అమ్మెటోని దగ్గర కమీషన్, కొనెటోని దగ్గర కమీషన్. మా దగ్గర 4 వేలు తీసుకున్నడు ఒకాయన. దుకాణం మునిగినంక ఫోన్ ఎత్తలె. పేరు రాయం, రాస్తే గొడవ. ఆయనకు తెలుసు ఆయన ఎవరో.

ఇగ మా లెక్క వినండి. 1 లక్షా 20 వేల దిర్హాంలకు కొన్నం. మనిషికి 30 వేలు. అప్పట్ల దిర్హాం 19 రూపాయల చుట్టూ ఉండె, అంటే మనిషికి 5 లక్షల 70 వేలు. ఒకలు చిట్టీ ఎత్తిన్రు. ఒకలు భార్య బంగారం బ్యాంకుల పెట్టిన్రు. ఇద్దరం ఊర్లో రెండ్రూపాల మిత్తికి తెచ్చినం. ఒక్కొక్కరికి నెలకు 11,400 రూపాయల మిత్తి. దుకాణం తెరిచిన మొదటి రోజు నుంచే ఆ మీటర్ తిరుగుడు షురువైంది.

ఆ 1 లక్షా 20 వేలకు వచ్చిందేంది? "40 వేల సరుకున్నది" అన్నడు. తాళాలు తీసుకున్నంక మేం కూర్చొని లెక్కబెడితే 22 వేలు తేలింది. అందుల 6 వేల సరుకు డేట్ అయిపోయింది. మూడు ఫ్రిజ్‌లు చూపించిండు. రెండు కూల్‌డ్రింక్ కంపెనీవి, వాళ్ళు తమ బాటిళ్ళు పెట్టుకోవడానికి ఉచితంగా ఇచ్చినవి. ఎప్పుడైనా వచ్చి ఎత్తుకపోవచ్చు. అవి కూడా మాకు అమ్మిండు! "ఖాతా బుక్కుల 18 వేల బాకీ ఉన్నది, అది కూడా మీదే" అన్నడు. అందుల మాకు వసూలైంది 5 వేలు. మిగిలినోళ్ళు రూమ్ మారిన్రు, కొందరు దేశమే మారిన్రు. అంటే మేం కొన్నది 16 వేల సరుకు, ఒక ఫ్రిజ్, ఇనుప ర్యాకులు, ఒక బోర్డు. మిగిలింది "గుడ్‌విల్" అన్నరు. ఆ గుడ్‌విల్ కూడా ఆయనదే. జనం ఆయన మొహం చూసి వస్తుండె, ఆయన పోంగనే సగం మంది పోయిన్రు.

గల్లా రోజుకు 1,800 అని చెప్పిండు. మేం పిచ్చోళ్ళం కాదు, మూడు రోజులు పోయి చూసినం కూడా. చూసినం, నిజమే, 1,800 దాటింది. కానీ మేం పోయింది 3, 4, 5 తారీఖుల్ల. బ్యాచిలర్ రూములున్న గల్లీల జీతాలు పడ్డ మొదటి పది రోజులే దుకాణం నిండుగ ఉంటది. 20 తారీఖు తర్వాత అందరూ ఖాతా మీదనే. నెల మొత్తం సగటు చూస్తే రోజుకు 1,400. నెలకు 42 వేలు. పాడైంది, డేట్ పోయింది, ఎగ్గొట్టింది తీసేస్తే చేతికి మిగిలేది నూటికి 15. అంటే 6,300.

ఖర్చు చూడండి. కిరాయి ఏడాదికి 38 వేలు, నెలకు 3,170 అనుకోండి. లైసెన్స్ రెన్యూవల్, బలదియా ఫీజులు, లైసెన్స్ ఉన్నాయనకు ఇచ్చేది కలిపి ఏడాదికి 20 వేలు, నెలకు దగ్గర దగ్గర 1,670. కరెంటు, నీళ్ళు 900. ఇద్దరి వీసాలు, ఇన్సూరెన్స్ నెలకు పంచితే 400. మొత్తం 6,140.

6,300ల నుంచి 6,140 తీసేయండి. 160 దిర్హాంలు. పొద్దున ఆరున్నర నుంచి రాత్రి పన్నెండున్నర దాకా, శుక్రవారం కూడా లేకుండ ఇద్దరు మనుషులు పనిచేస్తే నెలకు మిగిలింది 160. ఊర్లో మిత్తి ఈ లెక్కలోకి ఇంకా రానేలేదు. ఆ ఇద్దరూ కంపెనీల ఉన్నప్పుడు ఓటీ కలుపుకొని మనిషికి 1,500 పంపుతుండిరి, తిండి, రూమ్ కంపెనీదే.

మరి అమ్మినాయన నెలకు 4 వేలు మిగులుతది అన్నడు కదా? అబద్ధం పూర్తిగా కాదు. ఆయన, ఆయన తమ్ముడు, ఇద్దరూ జీతం రాసుకోలేదు. రెండు జీతాలు రాయకుంటే ఏ దుకాణమైనా లాభంలోనే కనబడతది. ఇదే మేం ఈ పోస్టుల చెప్పేది అన్నలారా: నీ జీతం ఖర్చులో రాసినంక కూడా మిగిలితేనే అది వ్యాపారం. రాయకుంటేనే మిగులుతున్నదంటే నువ్వు వ్యాపారం కొంటలేవు, 18 గంటల ఉద్యోగం ఒకటి అప్పు తెచ్చి కొంటున్నవు. జీతం ఇచ్చెటోడే లేని ఉద్యోగం. దానికి ఆర్థిక స్వాతంత్ర్యం అని పేరు పెడితే ఎట్ల?

ఇంకో సంగతి మాకు ఆలస్యంగా సమజైంది. యూఏఈల 2018 జనవరి 1 నుంచి వ్యాట్ 5 శాతం వచ్చింది. పన్ను పడే అమ్మకాలు ఏడాదికి 3 లక్షల 75 వేల దిర్హాంలు దాటితే రిజిస్టర్ కావాల్సిందే. రోజుకు 1,800 అంటే ఏడాదికి 6 లక్షల 57 వేలు. అయినా ఆ దుకాణానికి వ్యాట్ నంబరే లేదు. అంటే గల్లా అన్నా అబద్ధం కావాలె, పన్ను అన్నా ఎగ్గొట్టి ఉండాలె. ఒక్క ప్రశ్న అడిగితే తేలిపోయేది. మేం అడగలె. ఆలస్యంగా రిజిస్టర్ అయితే అప్పట్ల జరిమానా 20 వేలు. అది లైసెన్స్ ఉన్నాయన పేరు మీద పడ్డది, ఆయన మా దగ్గర వసూలు చేసిండు. నలుగురం మళ్ళ ఊరికి ఫోన్లు కొట్టినం.

లైసెన్స్ ఉన్నాయన అంటున్నం కదా, అసలు సంగతి అక్కడనే ఉన్నది. మాకు అమ్మినాయన పేరు ఆ లైసెన్స్ మీద లేదు. ఒక లోకల్ పెద్దమనిషిది. అమ్మినాయన ఏడాదికి ఇంత అని ఆయనకు కట్టి నడుపుకుంటుండె. అంటే తనది కానిది మాకు అమ్మిండు. మేం తెల్ల కాగితం మీద రాసుకున్నం, నలుగురు సాక్షుల సంతకాలు పెట్టించినం. ఊర్లో పొలం కౌలు రాసుకున్నట్టు. ఆరు నెలలకు ఆ పెద్దమనిషి "నాకు ఏడాదికి 8 వేలు కాదు, 15 వేలు కావాలె" అన్నడు. ఇయ్యకుంటే రెన్యూవల్‌కు సంతకం పెట్టనన్నడు. మా తెల్ల కాగితం చూపిస్తే నవ్విండు. తప్పు ఆయనదా? నిజం చెప్పాలంటే కాదు. ఆయన వస్తువు ఆయనది. మాకు అమ్మినోడు, మధ్యలో కమీషన్ తిన్నోడు, చదవకుండ సంతకం పెట్టిన మేము, తప్పు ఈ ముగ్గురిదీ.

"అది పాత రోజుల్ల అన్నా, ఇప్పుడు చట్టం మారింది" అంటరు. అవును, మారింది. 2021 జూన్ 1 నుంచి యూఏఈల చాలా వ్యాపారాలకు 51 శాతం లోకల్ వాటా ఉండాలన్న నియమం తీసేసిన్రు. మాకు లేని దారి ఇప్పుడు మీకు ఉన్నది. మంచిదే. మరి దారి ఉన్నా కూడా ఇప్పటికీ పాత పద్ధతిలనే, మాట మీదనే, తెల్ల కాగితం మీదనే ఎందుకు అమ్ముతున్నరు? ఆలోచించండి. పేరు మార్చాలంటే ఆఫీసుకు పోవాలె. ఆఫీసుకు పోతే పాత జరిమానాలు, కట్టని కిరాయి, కంపెనీలకు ఉన్న బాకీలు బయటపడతయి. అవి బయటపడొద్దనే పేరు మార్చరు. "పేరు తర్వాత మార్చుకుందం తమ్మీ, ఖర్చెందుకు" అని ఎవరన్నా అంటే, ఆ మాటతోనే లేచి వచ్చేయండి, చాయ్ కూడా తాగకండి.

సౌదీల ఉన్న అన్నలు ఇంకా జాగ్రత్త. లైసెన్స్ సౌదీ పేరు మీద, నడిపేది నువ్వు అంటే దాన్ని అక్కడ తసత్తుర్ అంటరు. 2020ల వచ్చిన కొత్త చట్టంల ఐదేండ్ల దాకా జైలు, 50 లక్షల రియాల్ల దాకా జరిమానా రాసి ఉన్నది. శిక్ష పడ్డ పరదేశిని పంపించేస్తరు, మళ్ళ పనికి రానియ్యరు. సరిదిద్దుకునే గడువు 2022 ఫిబ్రవరిల అయిపోయింది. "నా కఫీల్ మంచోడు" అంటరు. మంచోడే కావచ్చు, చట్టం ముందు ఇద్దరూ దోషులే. కువైట్‌ల మామూలు దారిలో పోతే ఇప్పటికీ 51 శాతం కువైటీదే. ఒమన్‌ల పరదేశీలకు ఇయ్యని చిన్న చిన్న వ్యాపారాల జాబితా పెద్దగనే ఉన్నది. మీ దేశంల మీరు కొనాలనుకునే పని పరదేశీ పేరు మీద అసలు అవుతదా లేదా అన్నది బేరం మొదలుపెట్టకముందు తేలాలె.

ఇగ రాయడానికి కష్టమైన ముచ్చట.

సరుకు ఇచ్చే కంపెనీ ఒకటి మాకు ఖాతా ఇయ్యాలంటే గ్యారంటీ చెక్కు అడిగింది. దుకాణం బ్యాంకు ఖాతా లైసెన్స్ ఉన్నాయనది, ఆయన ఇయ్యనన్నడు. మా నలుగుర్ల ఒకని జీతం ఖాతాకు చెక్‌బుక్ ఉండె. వాడు తన సొంత చెక్కు మీద సంతకం పెట్టిచ్చిండు. అంకె కూడా రాయలె. 2020ల కరోనా వచ్చింది. గల్లీల రూములు ఖాళీ అయినయి, విమానాలు మొదలుకాంగనే మా ఖాతా బుక్కుల ఉన్నోళ్ళంతా ఇంటికి పోయిన్రు. కంపెనీకి 27 వేలు బాకీ పడ్డం. నవంబర్‌ల వాళ్ళు ఆ చెక్కు బ్యాంకుల వేసిన్రు. తిరిగొచ్చింది. అప్పట్ల చెక్కు తిరిగొస్తే పోలీస్ కేసు. దేశం దాటే వీలు లేకుండ అయింది.

2021 జనవరిల వాళ్ళమ్మ చనిపోయింది. ఒక్కడే కొడుకు. మా రూమ్‌ల ఫోన్ గోడకు ఆనిచ్చి పెట్టినం. వీడియోల చూసిండు. పాలోళ్ళ పిలగాడు తలకొరివి పెట్టిండు. మేం ముగ్గురం వాని పక్కన కూర్చున్నం, ఒక్క మాట కూడా రాలె. దుకాణం నలుగురిది. లాభం వస్తే నాలుగు భాగాలు అని రాసుకున్నం. కేసు మాత్రం ఒక్కనిదైంది.

మార్చిల దుకాణం 35 వేలకు అమ్మినం. 27 వేలు కంపెనీకి కట్టి కేసు తీయించినం. 8 వేలు లైసెన్స్ ఉన్నాయన బాకీ కింద తీసుకున్నడు. మా చేతికి సున్న. మాకు అమ్మినాయన చేసిందే మేము కూడా కొనెటోనికి చేసినమా? లేదు. బుక్కు మొత్తం ముందల పెట్టినం, 1,400 గల్లా అనే చెప్పినం. అందుకే 35 వేలు వచ్చింది.

2022 జనవరి 2 నుంచి ఖాతాల పైసలు లేక చెక్కు తిరిగొస్తే మునుపటి లెక్క క్రిమినల్ కేసు కాదు. కానీ సంబరపడకండి. చెక్కు పట్టుకొని నేరుగా ఎగ్జిక్యూషన్ కోర్టుకు పోవచ్చు. ఖాతా ఆపుతరు, ప్రయాణం కూడా ఆపొచ్చు. వేరే వాళ్ళ దుకాణానికి మీ సొంత చెక్కు, అందులో అంకె లేని చెక్కు, అన్న అడిగినా తమ్ముడు అడిగినా ఇయ్యకండి.

"మరి మలయాళీలు ఎట్ల నడుపుతున్నరు? గల్లీ గల్లీకి వాళ్ళ కఫ్టేరియానే కదా?" అని జెబెల్ అలీ తమ్ముడు అడిగిండు. మంచి ప్రశ్న. మేం కొన్నప్పుడు కూడా ఇదే అనుకున్నం. తర్వాత పక్క దుకాణం ఇక్కా దగ్గర కూర్చొని తెలుసుకున్నం. ఆయన కోజికోడ్ వైపు నుంచి వచ్చి మామ దుకాణంల తొమ్మిదేండ్లు పనిచేసిండు. గిన్నెలు కడిగిండు, డెలివరీ చేసిండు, గల్లా మీద కూర్చున్నడు. ఏ కంపెనీ ఎన్ని రోజుల ఖాతా ఇస్తది, ఏ సరుకు మీద ఎంత మిగులుతది, ఏ బిల్డింగ్‌ల ఎవరు ఎగ్గొడతరు, అన్నీ తెలిసినంక చిన్న వాటా తీసుకున్నడు. పార్ట్‌నర్లు వంతులు వేసుకుంటరు, ఒకరు ఇక్కడ ఉంటే ఒకరు ఇంటికి పోతరు. వాళ్ళు కొన్నది దుకాణం, దాని వెనుక తొమ్మిదేండ్ల చదువు ఉన్నది. మేం స్కాఫోల్డింగ్ పని చేసెటోళ్ళం. ఒక ప్లాంక్ ఎంత బరువు ఆపుతదో కండ్లు మూసుకొని చెప్తం. పాల ప్యాకెట్ మీద ఎన్ని ఫిల్సులు మిగులుతయో మాకేం తెలుసు?

మాకు తెలిసినోళ్ళల నిలబడ్డాయన కూడా ఒకాయన ఉన్నడు. సిరిసిల్ల అన్న, అజ్మాన్‌ల టైలర్. ఒకే మాస్టర్ దగ్గర ఏడేండ్లు కుట్టిండు. మాస్టర్ ఇంటికి పోతుంటే ఆ దుకాణమే తీసుకున్నడు. 2022ల, లైసెన్స్ తన పేరు మీద, కిరాయి కాగితం తన పేరు మీద, వీసా దాని మీదనే. ఊర్ల అప్పు తేలే. సగం పైసలు మాస్టర్‌కు రెండేండ్లల్ల కట్టేటట్టు రాసుకున్నరు, నోటరీ దగ్గర. మొదటి రోజు నుంచి తన జీతం తను రాసుకుంటడు. కారు లేదు, వీడియోలు పెట్టడు. అడిగితే "జీతం మీద కొంచెం మిగులుతుంది అన్నా" అంటడు, అంతే. మేం ఆయనను చూసి కుళ్ళుకుంటలేం, పిల్లలకు ఆయనను చూపిస్తున్నం.

అందుకే "కొనకండి" అని మేం అంటలేం. జీతగాడిగనే చావండి అని చెప్పేంత పెద్దోళ్ళం కాదు. యాభై దాటినంక ఇక్కడ మనకు పని ఎవరిస్తరు? పింఛన్ లేదు, ఊర్ల భూమి అరెకరం. ఏదో ఒకటి చేసుకోవాల్సిందే, ఆ భయం మాకూ ఉన్నది. ఆ భయాన్నే వాళ్ళు అమ్ముకుంటున్నరని చెప్తున్నం. (ఊర్లో కోత మిషన్లు, జేసీబీలు కొని వాయిదాలు కట్టలేక మళ్ళ ఇక్కడికే వచ్చినోళ్ళ సంగతి ఇంకో రోజు రాస్తం. అది వేరే పురాణం.)

జెబెల్ అలీ తమ్ముడా, నువ్వు ఇది చదువుతున్నవని తెలుసు. నువ్వు పంపిన లైసెన్స్ ఫోటో మా రూమ్‌ల పెద్దచేసి చూసినం. అందుల ఉన్న పేరు నీతో బేరం ఆడుతున్నాయనది కాదు. గడువు తారీఖు దాటి రెండు నెలలైంది. 90 వేలల పేరు మార్చే ఖర్చు ఉన్నదా అని అడుగు. వ్యాట్ కాగితాలు అడుగు. సరుకు ఇచ్చే కంపెనీల నుంచి బాకీ ఎంతో రాయించుకొని రమ్మను. అడ్వాన్స్ ఇయ్యకముందు నెల రోజులు, 1 నుంచి 30 దాకా, మీ ముగ్గుర్ల ఒకలు ఆ గల్లా పక్కన కూర్చుంటం అని చెప్పు. సెలవు లేదంటే డ్యూటీ దిగినంక రోజూ రాత్రి పోయి ఆ రోజు బిల్లులు చూడు. ఒప్పుకుంటే ఆలోచిద్దం. "ఇంకొకడు రెడీగా ఉన్నడు, రేపే ఇయ్యాలె" అంటే ఆ ఇంకొకన్నే కొనుక్కోనియ్.

శుక్రవారం ఆ పది వేలు జేబుల పెట్టుకొని అటు పోకు, ముందు ఇటు రా. మీ పార్ట్‌నర్లిద్దరినీ తీసుకొని రా. మధ్యాహ్నం దాటినంక నలుగురం రూమ్‌లనే ఉంటం. మా పాత ఖాతా బుక్కు ఇంకా పడేయలె, మంచం కింద ఉన్నది, చూపిస్తం.